పుస్తకం పట్టని వాళ్ళ భక్తి: మన కతోలిక కుటుంబాల పాత సంగతి

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. ఓపిక ఉన్నప్పుడు చదవండి. చదవడం కష్టమైతే ఇంట్లో ఎవరిచేతనైనా చదివించుకుని వినండి. మేము చెప్పబోయే సంగతికి అదే తగిన పద్ధతి కూడా.

మన సంఘంలో కతోలిక కుటుంబాలు కొద్దిపాటివే. ఆ ఇళ్ళలో పెద్దలు పిల్లల గురించి చెప్పే ఫిర్యాదు మాత్రం ఏ మతం ఇంట్లోనైనా వినబడేదే. బైబిల్ తెరవరు, జపాల పుస్తకం ముట్టరు, చదవమంటే మొహం చిట్లిస్తారు, ఇక వీళ్ళకు విశ్వాసం ఎలా నిలుస్తుంది అని. పిల్లల జవాబూ తెలిసిందే. వాళ్ళు చదివింది తమిళంలోనో ఇంగ్లీషులోనో. తెలుగు మాట్లాడతారు, అక్షరాలు రావు. అక్షరాలు వచ్చినవాళ్ళకు కూడా చదవడం అంటే పరీక్షలే గుర్తొస్తాయి.

మాదీ తమిళ మాధ్యమం చదువే. రైల్వేలో గుమాస్తాగా చేరిన తర్వాత క్యాలెండర్లూ సినిమా పోస్టర్లూ కూడబలుక్కుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాం. అందుకని ఈ ప్రశ్న మా ఇంటిదే అనుకోండి. పదవీ విరమణ తర్వాత తీరిక దొరికి పాత సంగతులు వెతికితే మాకు తేలింది ఇది: మన పూర్వులకు ఈ విశ్వాసం పుస్తకం ద్వారా రాలేదు. చెవిన పడింది, నోట నిలిచింది, మోకాళ్ళ మీదా కాలినడకనా పెరిగింది. పుస్తకం ఉంటే ఊరికి ఒక్కరి చేతిలో ఉండేది. తక్కినవాళ్ళంతా ఆ ఒక్కరి గొంతు వెంట నడిచారు.

ముందు మన ఇళ్ళలో మేకుకు వేలాడే జపమాల సంగతి చూద్దాం. మధ్యయుగంలో ఐరోపా మఠాల్లో చదువుకున్న సన్యాసులు దావీదు కీర్తనలు 150 లాటిన్‌లో పాడేవారు. అదే మఠంలో పొలం పనీ వంట పనీ చేసే సోదరులకు లాటిన్ రాదు. వాళ్ళు కీర్తనలకు బదులు పరలోక జపం చెప్పుకునేవారు. లెక్క తప్పకుండా దారానికి ముళ్ళు వేసుకునేవారు, పూసలు గుచ్చుకునేవారు. కాలం గడిచేకొద్దీ ఆ చోటికి మంగళవార్త జపం వచ్చింది. పదిహేను దేవరహస్యాలు, ఒక్కోదానికి పది పూసలు, మొత్తం సరిగ్గా 150. ఈ రూపాన్ని 1569లో ఐదవ పయస్ పోపుగారు స్థిరపరిచారు. 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు వెలుగు రహస్యాలు ఐదు చేర్చాక ఆ పాత లెక్క మారింది. గుమాస్తా బుద్ధి కాబట్టి 150కి 150 సరిపోయిన ఆ పాత లెక్కే మాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. చదవలేని వాళ్ళకోసమే పుట్టిన జపం ఇది. చదవనందుకు పిల్లల్ని తిట్టేటప్పుడు చేతిలో జపమాల పట్టుకుని తిట్టేవాళ్ళు ఈ మాట కాస్త గుర్తుంచుకోవాలి.

బొమ్మల సంగతీ అంతే. సుమారు 600లో మార్సెయిల్స్ మేత్రాణులు ఒకాయన గుడిలో పటాలు పగలగొట్టించారు. అప్పటి పోపు గ్రెగొరీ ఆయనకు ఉత్తరం రాశారు. చదువుకున్నవాడికి పుస్తకం ఎలాగో, చదువు రానివాడికి గోడ మీద బొమ్మ అలాగ అని ఆ ఉత్తరం సారం. 1223 క్రిస్మస్ రాత్రి గ్రెచ్చో అనే ఇటలీ కొండ ఊళ్ళో ఫ్రాన్సిస్ అస్సీసి ఎద్దునూ గాడిదనూ తెప్పించి, గడ్డి పరిచి, పశువుల తొట్టె పెట్టించారు. మన పిల్లలు డిసెంబరులో కట్టే పశువుల పాకకు మూలం ఆ రాత్రే. సిలువ మార్గంలో స్థలాలు పద్నాలుగు అని 1731లో స్థిరపడింది. బొమ్మ ముందు నిలబడడం, మోకరించడం, ఇంకో బొమ్మ దగ్గరికి నడవడం, ఇంతే. ఒక్క అక్షరం అక్కర్లేదు.

ఇక మనం కాపురం ఉంటున్న తమిళ నేలకు వద్దాం. 1542లో గోవాలో దిగిన ఫ్రాన్సిస్ జేవియర్ గారు ఆ ఏడే తూత్తుక్కుడి వైపు ముత్యాల తీరానికి వచ్చారు. మనం ఆయన్ని శౌరివారు అంటాం, తమిళులు సవేరియార్ అంటారు. మన ఇళ్ళలో శౌరయ్య, శౌరమ్మ, బాలశౌరి అనే పేర్లన్నీ ఆయనవే. అక్కడి పరవ కులస్థులు అప్పటికే జ్ఞానస్నానం పొంది ఉన్నారు గాని, ఎవరూ ఏమీ నేర్పలేదు. ఆయనకు తమిళం రాదు. రెండు భాషలూ కొద్దిగా తెలిసినవాళ్ళను కూర్చోబెట్టుకుని ముఖ్యమైన జపాలు తమిళంలోకి తెప్పించుకుని, ముందు తానే కంఠతా పట్టారు. తర్వాత చేతిలో గంట పట్టుకుని వీధుల్లో వాయిస్తూ పిల్లల్నీ పెద్దల్నీ పోగుచేశారు.

ఆయన 1544లో రాసిన ఉత్తరంలో ఆ పద్ధతి వివరంగా ఉంది. ఆయన ఒక్కో మాటా చెబితే అందరూ తిరిగి చెప్పాలి. విశ్వాస సంగ్రహంలో ఒక్కో అంశం అయ్యాక, దీన్ని నమ్ముతున్నారా అని అడిగేవారు. జనం చేతులు రొమ్ము మీద సిలువలాగా పెట్టుకుని నమ్ముతున్నామని గట్టిగా చెప్పేవారు. పిల్లలు నేర్చుకున్నది ఇంటికి పోయి అమ్మానాన్నలకు నేర్పాలి. జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు తాను పోలేనప్పుడు పిల్లల్నే జపమాల ఇచ్చి పంపేవారు. వెళ్ళిపోయేటప్పుడు ఊళ్ళో రాయడం వచ్చినవాళ్ళ దగ్గర జపాల ప్రతి ఒకటి ఉంచి, ఊరికొక కణక్కపిళ్ళైని నియమించేవారు. జపం చెప్పించడం, ఆదివారం అందర్నీ కూర్చోబెట్టడం, ప్రాణం మీదికి వస్తే జ్ఞానస్నానం ఇవ్వడం అతని పని. కణక్కపిళ్ళై అంటే లెక్కలు రాసేవాడు, అంటే మాలాంటి గుమాస్తానే! వాళ్ళ జీతానికి డబ్బు ఎక్కడిదంటే, పోర్చుగల్ రాణీగారికి పాదరక్షల ఖర్చు కింద ఈ తీరం నుంచి పోయే సొమ్ము. రాణీగారిని ఒప్పించి దాన్ని ఇటు మళ్ళించారు. రైల్వేలో ఒక పద్దు కింది డబ్బు ఇంకో పద్దుకు మార్చడం ఎంత కష్టమో తెలిసిన మాకు ఇది చిన్న అద్భుతం కాదు.

తమిళంలో అచ్చు రావడం కూడా ఈ తీరపు పనివల్లే. ఎన్రీకె ఎన్రీకెస్ గురువు సిద్ధం చేసిన తంబిరాన్ వణక్కం 1578లో కొల్లంలో అచ్చయింది. భారతీయ భాషల అచ్చు చరిత్రలో ఇది తొలి మెట్టు. దాన్ని చేతపట్టుకున్నది కణక్కపిళ్ళై. ఊరు విన్నది.

తమిళ వాచకంలో మేము వీరమామునివర్ పాఠం చదివాం. ఇటలీవాడు, అసలు పేరు బెస్కీ, 1680 నుంచి 1747 వరకు జీవించారు. తేంబావణి అని జోజప్పగారి కథను 3,615 పద్యాల మహాకావ్యంగా రాశారు. పరీక్షకు ఆ అంకె బట్టీ పట్టాం కాబట్టి ఇప్పటికీ మరిచిపోలేదు. అయితే అదే మనిషి కిత్తేరియమ్మాళ్ అమ్మానై అని ఇంకొకటి రాసిన సంగతి చాలాకాలం తర్వాత తెలిసింది. అమ్మానై అంటే ఆడపిల్లలు కాయలు ఎగరేసి పట్టుకుంటూ పాడుకునే ఆట పాట. ఒక పునీతురాలి కథను ఆ బాణీలో పెట్టారు. పండితుల కోసం కావ్యం రాసిన చేత్తోనే, అక్షరం రాని ఆడపిల్లల నోటికి పాట ఇచ్చారు. అమ్మానై రాయడం ఆయనకు కావ్యం కంటే తక్కువ పని అనిపించి ఉండదని మా నమ్మకం.

ఇప్పుడు మన తెలుగువాళ్ళ సంగతి. మదురై నాయకుల కొలువులో తెలుగే నడిచేది. అందుకని 1606లో మదురై చేరిన రాబర్ట్ డి నోబిలి గారు తమిళంతో, సంస్కృతంతో పాటు తెలుగూ నేర్చుకున్నారు. తెలుగు దేశంలోకి పని లోతుగా పోయింది మాత్రం పుదుచ్చేరి నుంచి. సియాం దేశంలో 1688 తిరుగుబాటు తర్వాత అక్కడి ఫ్రెంచి జెస్విట్ గురువులు పుదుచ్చేరి చేరారు. 18వ శతాబ్ది మొదటి ఏళ్ళలో కర్ణాటక మిషన్ అనే పేరుతో పుంగనూరు వైపు, తర్వాత అనంతపురం సీమలో కృష్ణాపురం, మద్దిగుబ్బ వైపు పోయారు. సన్యాసుల వేషం, మాంసం మానడం, పాదచారం. లెగాక్ గురువూ తక్కినవాళ్ళూ అక్కడినుంచి ఫ్రాన్సుకు రాసిన ఉత్తరాలు అప్పుడే అచ్చయ్యాయి. రెడ్ల కుటుంబాలు కొన్ని ఆ కాలంలోనే విశ్వాసంలోకి వచ్చాయి.

ఈ గురువులు మామూలు చదువరులు కారు. కెర్దూ గురువు తెలుగు నిఘంటువు కూర్చారు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకూ ఉన్న పోలికను 1767లో పారిస్ పండితులకు రాసి పంపారు. కానీ ఇంత చదువున్నవాళ్ళు కూడా ఊళ్ళో పని నడిపింది ఉపదేశి చేతనే. గురువు ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చేవారు. ఉపదేశి ఏడాదంతా ఉండేవాడు. జ్ఞానోపదేశం ప్రశ్న, జవాబు రూపంలో ఉంటుంది. ఉపదేశి ప్రశ్న అడగడం, చుట్టూ కూర్చున్నవాళ్ళు ఒక్క గొంతుతో జవాబు చెప్పడం. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, దీపం పెట్టాక జరిగే చదువు అది. అందులో పలకా లేదు, పరీక్షా లేదు.

అసలు పరీక్ష 1773లో వచ్చింది. ఆ ఏడు రోములో పోపుగారు జెస్విట్ సభనే రద్దు చేశారు. ఉన్న గురువులు ముసలివాళ్ళయ్యారు, కొత్తవాళ్ళు రావడం ఆగింది. పుదుచ్చేరిలో పారిస్ విదేశీ మిషన్ గురువులు పని చేపట్టారు గాని, అంత పెద్ద దేశానికి వేళ్ళమీద లెక్కపెట్టే మంది. అదే సమయంలో 1780 నుంచి హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ యుద్ధాలు, వెనకే కరువు. ఊళ్ళు కదిలిపోయాయి. తెలుగు కతోలిక కుటుంబాలు కొన్ని గుంటూరు సీమలో నిలిచాయి, ఫిరంగిపురం లాంటి ఊళ్ళు ఇప్పటికీ సాక్ష్యం. కొన్ని ఇంకా దక్షిణానికి, తిరువళ్ళూరు, చెంగల్పట్టు వైపుకు దిగాయి. కీళచ్చేరి తెలుగు కతోలికులు అలా వచ్చినవాళ్ళ సంతానమే.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. గురువు లేరు. గుడి వెనక ఊళ్ళో ఉండిపోయింది. తెలుగులో అచ్చు పుస్తకం ఇళ్ళకు చేరే రోజులు ఇంకా రాలేదు. ఏ ఉపదేశి మూటలోనో తాటాకుల కట్ట ఒకటి ఉంటే ఉండి ఉంటుంది. ఆ స్థితిలో కొత్త దేశంలో, చుట్టూ వేరే భాష మధ్య, ఈ విశ్వాసం ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎలా పోయింది? ఒకటే దారి ఉంది. పొద్దుగూకాక ఇంట్లో ఒకరు జపం ఎత్తుకుంటారు, తక్కినవాళ్ళు అందుకుంటారు. పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు. ప్రాణాపాయంలో ఉన్న బిడ్డకు ఎవరైనా సరే నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇవ్వవచ్చని శ్రీసభ నియమం. అందుకని ఆ ఒక్క వాక్యం తప్పు లేకుండా మంత్రసానికి నేర్పి ఉంచేవారు. చదువు రాని ఒక ఆడమనిషి నోట్లో ఒక సంస్కారం మొత్తం ఉండేది.

పేర్లు కూడా పాఠాలే. పేతురు అంటే రాయి, అందుకే రాయప్ప. పౌలు అంటే లాటిన్‌లో చిన్నవాడు, అందుకే చిన్నప్ప. ఇన్నయ్య అంటే ఇగ్నేషియస్. వేళాంగణ్ణి ఆరోగ్యమాత పేరు మీద ఆరోగ్యమ్మ, ఆరోగ్యస్వామి. పిల్లవాడిని పేరు పెట్టి పిలిచినప్పుడల్లా ఒక కథ తలుచుకున్నట్టే. ఇప్పుడు పెట్టే పేర్లలో కథ వెతకాలంటే గూగుల్ అడగాలి. పోనివ్వండి, అది వేరే వ్యాసం.

మన హిందూ సభ్యులకు ఇది కొత్తగా ఉండదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి పాడిన తెలుగు కృతుల్ని తెలుగు అక్షరం రాని తమిళ విద్వాంసులు గురువు నోట విని, తమిళ లిపిలో గుర్తులు రాసుకుని, తరతరాలుగా కాపాడలేదా? చెవి ఎంత బరువు మోయగలదో మన దేశంలో ఒకరు ఇంకొకరికి చెప్పనక్కర్లేదు.

అయితే పాతదంతా బంగారం అనడానికి మేము సిద్ధంగా లేము. కంఠతా పట్టిన జపానికి రోగాలున్నాయి. అర్థం తెలియక మాటలు అరిగిపోతాయి. మా చిన్నప్పుడు ముసలివాళ్ళ నోట విన్న కొన్ని మాటలు ఏ భాషవో కూడా తెలిసేది కాదు, లాటిన్, పోర్చుగీసు, తమిళం, తెలుగు కలిసి ముద్దయిపోయినవి. అర్థం అడిగిన పిల్లవాడికి దెబ్బ పడేది. అడగడం అపనమ్మకం అనుకునేవారు. ఇళ్ళలో జపం నడిపింది ఎక్కువగా ఆడవాళ్ళు, సంఘం పెద్దల జాబితాలో మాత్రం వాళ్ళ పేర్లు ఉండేవి కావు. కాబట్టి చదివేవాళ్ళు అక్కర్లేదని ఎవరూ అనుకోవద్దు. ఊరికి ఒకరైనా చదివి, అర్థం తెలుసుకుని, అడిగినవాళ్ళకు విసుక్కోకుండా చెప్పేవాళ్ళు ఉండాలి. ఉపదేశి ఉద్యోగం అదే కదా.

భాష విషయంలో ఒక విచిత్రం జరిగింది. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో ఆరాధన గురించి పత్రం ఇచ్చేవరకు పూజ లాటిన్‌లోనే. గురువు బలిపీఠం వైపు తిరిగి లాటిన్‌లో చెప్పుకుంటుంటే, మన అవ్వలు బల్లల మధ్య నేల మీద కూర్చుని జపమాల తిప్పుకునేవారు. లాటిన్ తమిళులదీ కాదు, తెలుగువాళ్ళదీ కాదు. అందుకని గుడిలో ఎవరికీ ఎక్కువ తక్కువ లేదు, ఇంట్లో తెలుగు జపం దాని దారిన అది నడిచింది. మహాసభ తర్వాత దేశభాషల్లో పూజ వచ్చింది. అందరికీ అర్థమయ్యే పూజ రావడం గొప్ప మేలు, అందులో సందేహం లేదు. కానీ మాలాంటి ఊళ్ళలో ఆ దేశభాష అంటే తమిళం. పిల్లలు గుడిలో తమిళ జపం నేర్చారు, జ్ఞానోపదేశం తరగతి తమిళంలో చదివారు. ఇంట్లో తెలుగు జపం ముసలివాళ్ళతో పాటు కుర్చీలో కూర్చుండిపోయింది. బరంపురం, షోలాపూర్, కోలారు వైపు సభ్యులకు తమిళం బదులు ఒడియా, మరాఠీ, కన్నడం అని వేసుకుంటే సరిపోతుంది. యానాంలో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, వాళ్ళ గుడి బయటా లోపలా తెలుగే.

ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రం జపం ఎలా నడుస్తుందంటే, మేము మంగళవార్త జపం సగం తెలుగులో ఎత్తుకుంటాం, మనవళ్ళు మిగతా సగం తమిళంలో అందుకుంటారు. మొదట్లో మాకు చెవికి ముల్లు గుచ్చినట్టుండేది. ఇప్పుడు అలవాటైంది. మరియమ్మకు రెండూ వచ్చు అంటుంది మా పెద్ద మనవరాలు.

ఆ పిల్ల మాటకు చరిత్రలో ఒక సాక్ష్యం ఉంది. ఫ్రాన్సులో లూర్దు ఊరి బెర్నదెత్‌కు 1858లో పద్నాలుగేళ్ళు. మిల్లు నడిపి చితికిపోయిన కుటుంబం, ఉబ్బసం జబ్బు, చదవడం రాదు. జ్ఞానోపదేశం ఫ్రెంచిలో చెప్పేవారు, ఆమెకు వచ్చింది ఆ కొండల యాస మాత్రమే. పాఠం అప్పజెప్పలేక తోటి పిల్లలతోపాటు మొదటి సత్ప్రసాదం అందుకోలేకపోయింది. ఫిబ్రవరి 11న పుల్లలు ఏరడానికి పోయి గుహ దగ్గర మరియమాతను చూసినప్పుడు ఆమె చేతిలో ఉన్నది జపమాల. అది ఒక్కటే ఆమెకు వచ్చు. ఆ తల్లి మాట్లాడింది కూడా పుస్తకాల ఫ్రెంచిలో కాదు, ఆ పిల్ల ఇంటి యాసలో. గుణదలలో ప్రతి ఫిబ్రవరి 11న లక్షలమంది కొండ ఎక్కుతున్నది ఆ తారీకు వల్లే. చెన్నైలో పెరంబూరు లూర్దుమాత గుడికి రైల్వే కాలనీల వాళ్ళం ఎన్ని శనివారాలు పోయామో లెక్కలేదు. పాఠం రాని పిల్లను చూడడానికే పోతున్నామని ఆ రోజుల్లో మాకెవరూ చెప్పలేదు. సియెన్నా కేథరిన్ కూడా ఉత్తరాలు తాను చెబుతుంటే ఇతరులచేత రాయించిన మనిషే. 1970లో ఆమెకు శ్రీసభ పండితురాలు అనే బిరుదు ఇచ్చారు.

కాళ్ళతో నేర్చుకునే చదువు ఇంకొకటి ఉంది. వేళాంగణ్ణి పండుగకు ఆగస్టు 29న జెండా ఎక్కుతుంది, సెప్టెంబరు 8 మాత పుట్టినరోజు. కాషాయం బట్టలు కట్టుకుని రోజుల తరబడి నడిచే గుంపుల్ని చూడండి. ఒకరు పాట ఎత్తుకుంటారు, వెనకవాళ్ళు అందుకుంటారు. దారిలో ఎవరో నీళ్ళిస్తారు, ఎవరో కాళ్ళకు నూనె రాస్తారు. పుస్తకం తెరవని కుర్రవాళ్ళే ఆ గుంపుల్లో ముందుంటారు. 2010లో నాగపట్నం నుంచి వేళాంగణ్ణికి రైలు వచ్చింది. టికెట్టు కొనే స్తోమత ఉన్నా నడిచేవాళ్ళు నడుస్తూనే ఉన్నారు. రైల్వేకు అది నష్టమే, మేము ఏమీ అనలేం.

వినే చదువుకు యంత్రాలు కూడా వచ్చాయి. మనీలా నుంచి వెరితాస్ రేడియో 1969లో మొదలైంది, తర్వాత తెలుగులోనూ తమిళంలోనూ వినిపించింది. షార్ట్‌వేవ్‌లో గరగర మధ్య తెలుగు మాట పట్టుకోవడం మాకు ఒక పండుగ. 2018లో షార్ట్‌వేవ్ ఆపి అంతర్జాలానికి మారారు. సికింద్రాబాద్ అమృతవాణి నుంచి పాటల క్యాసెట్లు వచ్చేవి. 1978లో విజయచందర్ నటించిన కరుణామయుడు వచ్చాక, తెర కట్టి ఊరూరా వేశారు. అక్షరం రానివాళ్ళు ఎంతమంది ఆ రాత్రులు నేలమీద కూర్చుని సిలువ మార్గం చూసి ఏడ్చారో చూసినవాళ్ళకు తెలుసు.

ఇప్పుడు ఫోనులో జపమాల దొరుకుతుంది. బైబిల్ చదివి వినిపించేది దొరుకుతుంది. చదవడం ఇష్టం లేని పిల్లలకు ఇది మంచిదే, వద్దనడానికి మేమెవరం? కానీ ఒక తేడా చూడండి. శౌరివారి గంట దగ్గర్నుంచి మన ఉపదేశి దీపం దాకా, ఇంట్లో అవ్వ దాకా, ఎక్కడ చూసినా జపంలో రెండు సగాలున్నాయి. ఒకరు ఎత్తుకోవాలి, ఇంకొకరు అందుకోవాలి. ఫోను రెండు సగాలూ తానే చెప్పేస్తుంది. చెవిలో పెట్టుకున్న పిల్లవాడు నోరు తెరవనక్కర్లేదు. చదువు రాని మన పూర్వులు ఊరికే వినలేదు, రోజూ జవాబు చెప్పారు. రొమ్ము మీద చేతులు పెట్టుకుని నమ్ముతున్నామన్నారు. నేర్చుకున్నది ఇంటికి పోయి ఇంకొకరికి చెప్పారు. పిల్లల్ని ఫోను వినమని వదిలేసి మనం టీవీ ముందు కూర్చుంటే, పుస్తకం ఇచ్చి వదిలేసినట్టే అవుతుంది.

అందుకని తెలుగు జపాల పుస్తకం అచ్చు వేయించాలన్న ఆలోచనకు మేము అడ్డు చెప్పడం లేదు. ఊరికొకరి చేతిలో ఉండడానికి కొన్ని ప్రతులు చాలు. వేలకొద్దీ వేయించి బీరువాలో పెట్టడం దండగ. మిగిలే డబ్బుతో, మాకు తోచిన పని ఇది. మన ఊళ్ళలో తెలుగు జపాలు, తపస్సుకాలంలో పాడే పాత పాటలు, చావు ఇంట్లో రాత్రి చెప్పే జపాలు కంఠతా వచ్చినవాళ్ళు ఇంకా కొందరున్నారు. చాలామంది ఎనభై దాటినవాళ్ళు. వాళ్ళ దగ్గరికి ఫోను తీసుకుని పిల్లల్నే పంపుదాం. పిల్లలు తమిళ అక్షరాల్లో రాసుకుంటే రాసుకోనివ్వండి, మేమూ అలా మొదలుపెట్టినవాళ్ళమే. అరిగిపోయిన మాట వస్తే దిద్దకుండా ముందు ఉన్నదున్నట్టు పట్టుకోండి, అర్థం తర్వాత చదువుకున్నవాళ్ళను అడుగుదాం.

మీ ఇంట్లో అలాంటి అమ్మమ్మ, అవ్వ, తాత ఉంటే కింద ఊరి పేరు మాత్రం రాయండి. వివరాలు సంఘం కార్యదర్శిగారికి విడిగా చెప్పండి. రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి, కుక్కర్ పొయ్యి మీద లేని వేళ చూసుకోండి. పెద్దావిడ ఒక్కరిచేతనే చెప్పించవద్దు. పక్కన ఇద్దరు ముగ్గురు కూర్చుని రెండో సగం అందుకోండి. రాకపోతే ఆమెనే అడిగి నేర్చుకుని, అప్పుడు రికార్డు మొదలుపెట్టండి.